కార్పెట్ క్లీనింగ్‌కి ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు

ఫోన్ చేయగానే "సైజు ఎంత సార్?" అని ఒక్క మాట అడిగి వెంటనే రేటు చెప్పేసేవాళ్లకు మీ కార్పెట్ అప్పగించకండి. పని తెలిసినవాళ్లు రేటు కంటే ముందు వేరే సంగతులు అడుగుతారు. ఉన్నిదా, సింథటిక్‌దా? వెనకవైపు ఎలా ఉంది? ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉందా? మరక దేనిది, ఎన్నాళ్లయింది, దాని మీద మీరేమైనా వేసి రుద్దారా? ఇవేవీ అడక్కుండా రేటు చెప్పారంటే వాళ్ల దగ్గర ఒకటే షాంపూ, ఒకటే బ్రష్ ఉన్నాయని, ఏ కార్పెట్ వచ్చినా వాటితోనే రుద్దేస్తారని అర్థం.

అయితే వాళ్లు అడిగినప్పుడు మీ దగ్గరా జవాబు ఉండాలి కదా. అందుకే ఫోన్ తీసే ముందు కార్పెట్ మూల ఒకటి పైకెత్తి చూడండి.

వెనకవైపు చూస్తే సగం తెలిసిపోతుంది

ముందువైపు డిజైనే వెనక కూడా స్పష్టంగా, చిన్న చిన్న ముడులుగా కనిపిస్తే అది చేత్తో ముడులు వేసి నేసినది. కశ్మీర్ నుంచి, ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్‌ల నుంచి వచ్చే చేతిముడుల తివాచీలు, మన ఏలూరు తివాచీలు ఈ రకం. అంచు కుచ్చులు పడుగు (నిలువు) దారాల కొనలే అయి ఉంటాయి, విడిగా కుట్టినవి కావు. వెనక మొత్తం ముతక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్ కార్పెట్. లోపల పోగుల్ని పట్టి ఉంచేది రబ్బరు జిగురు మాత్రమే. వెనక గళ్లు ఒకే కొలతలో గీసినట్టు ఉండి, కుచ్చులు మిషన్ మీద కుట్టి ఉంటే మిషన్ నేత. రెండువైపులా ఒకేలా ఉండి పైన నూగు (నిలబడి ఉండే మెత్తటి పోగులు) అసలు లేకపోతే అది జంపఖానా. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఎక్కువగా నూలువి.

ఇక పోగు ఏమిటన్నది. కనిపించని మూల నుంచి రెండు మూడు పోగులు పీకి, పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కుచ్చు దారం కాల్చకండి, ఉన్ని కార్పెట్‌కి కూడా అది చాలాసార్లు నూలే. జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, మిగిలిన నల్ల ఉండ వేళ్ల మధ్య పొడి అయిపోతే ఉన్ని గానీ పట్టు గానీ. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద అయితే నూలు గానీ విస్కోస్ (కలప గుజ్జుతో తయారుచేసే పోగు) గానీ. కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్, నైలాన్, పాలీప్రొపిలీన్‌లలో ఏదో ఒకటి.

ఈ పరీక్షలో చాలామందికి చేదు నిజం తెలుస్తుంది. షోరూమ్‌లో "ఆర్ట్ సిల్క్" అనీ "బాంబూ సిల్క్" అనీ అమ్మింది కాల్చి చూస్తే కాగితం వాసన కొడుతుంది, అంటే విస్కోస్. తడిస్తే ఈ పోగు బలం బాగా తగ్గిపోతుంది. పసుపు రంగుకి తిరుగుతుంది, ఆరాక నూగు అట్టకట్టి పడుకుంటుంది. గ్లాసెడు మంచినీళ్లు ఒలికినా మరక పడే కార్పెట్ ఇది. ఫోన్‌లో "విస్కోస్" అనండి, అవతలివాళ్ల తీరు చూడండి. "అది కాస్త రిస్కు మేడమ్, ఎంత తేటపడుతుందో చెప్పలేం, కొంచెం గరుకు రావచ్చు" అన్నవాళ్లకి పని తెలుసు. "ఏం ఫరవాలేదు, కొత్తదానిలా చేసిస్తాం" అన్నారా, ఫోన్ పెట్టేయండి.

ఏ పద్ధతి దేనికి

మన ఊళ్లలో ఇంటికొచ్చే సోఫా-కార్పెట్ షాంపూయింగ్ సాధారణంగా ఇలా ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు, బకెట్టు, నురుగు తెచ్చే షాంపూ, చేతి బ్రష్ గానీ గుండ్రంగా తిరిగే మిషన్ బ్రష్ గానీ, చివర నీళ్లు పీల్చే వాక్యూమ్. మిషన్ నేత సింథటిక్ కార్పెట్‌కి ఇది చాలు. ఒకటే లోపం, ఇందులో జాడించడం ఉండదు. పీల్చగా మిగిలిన సబ్బు పోగుల మొదట్లో జిగటగా ఉండిపోతుంది. రెండు వారాల్లో దుమ్మంతా దానికే అంటుకుని కార్పెట్ మునుపటికంటే మురికిగా తయారవుతుంది. "క్లీన్ చేయించాకే త్వరగా మాస్తోంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ సబ్బే.

"స్టీమ్ క్లీనింగ్" అని చెప్పేదాంట్లో ఎక్కువగా ఆవిరి ఉండదు. వేడినీళ్లను ఒత్తిడితో లోపలికి కొట్టి, అదే మూతితో వెంటనే పీల్చేస్తారు. సబ్బు తీసేయడానికి మంచి పద్ధతే. నైలాన్‌కి, గది నిండా పరిచి అంటించిన కార్పెట్‌కి సరైనది. ఉన్నికి చేయాలంటే నీళ్లు గోరువెచ్చగా మాత్రమే ఉండాలి, కలిపేది ఉన్నికి పనికొచ్చేదై ఉండాలి.

చేత్తో ముడులు వేసిన ఉన్ని కార్పెట్ మీద తిరిగే బ్రష్ మిషన్ పెట్టనివ్వకండి. పోగుల మెలి విడిపోయి పైన పీచు లేస్తుంది, అది మళ్లీ కుదురుకోదు. అలాంటిదాన్ని వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి ఉతకాలి. వెనకనుంచి కొట్టి దుమ్ము రాల్చడం, రంగు పరీక్ష, రెండువైపులా కడగడం, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించడం, నీళ్లు పిండేయడం, గాలి ఆడే నీడలో ఆరేయడం, ఇదీ వరస. పెంపుడు జంతువుల మూత్రం పట్టిన కార్పెట్‌కి కూడా వర్క్‌షాపే. మూత్రం పడుగు-పేక దాకా దిగి స్ఫటికాలుగా గట్టిపడుతుంది, పైన ఎంత రుద్దినా వానాకాలం రాగానే వాసన లేస్తుంది.

టఫ్టెడ్ కార్పెట్ సంగతి వేరు. ఎక్కువ తడిపితే వెనక జిగురు వదిలి గుడ్డ ఉబ్బుతుంది. పాతదైతే అసలు తడపకముందే ఆ జిగురు పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. మూల మడిచి చూస్తే తెల్లటి ఇసుకలాంటి పొడి రాలిందంటే దాన్ని ఎవరికిచ్చినా లాభం లేదు, క్లీనింగ్ డబ్బులు కూడా దండగ. ఆ మాట మీకంటే ముందు వాళ్లే చెబితే, అలాంటివాళ్ల నంబర్ దాచుకోవాల్సిందే.

ఫోన్‌లో అడగాల్సినవి

మొదటిది: "తడిపే ముందు దుమ్ము ఎలా తీస్తారు?" కార్పెట్ మురికిలో ఎక్కువ భాగం పొడి మట్టి, ఇసుకే. నీళ్లు తగలకముందే అది రావాలి. "రెండువైపులా వాక్యూమ్ చేస్తాం" అంటే సరే. "షాంపూలోనే వచ్చేస్తుంది" అంటే మీ కార్పెట్‌లో బురద చేయబోతున్నారని అర్థం. ఆ బురద అడుక్కి దిగి, ఆరేటప్పుడు ఒత్తిలో నూనె పైకెక్కినట్టు పోగుల వెంట పైకొస్తుంది. పోయిందనుకున్న మరక రెండు రోజుల తర్వాత అదే చోట ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే.

రెండోది: "రంగు దిగుతుందేమో ఎలా చూస్తారు?" తెల్లటి నూలు గుడ్డ తడిపి, వాళ్లు వాడే ద్రావణం అద్ది, ఒక్కో రంగు మీద నిమిషం సేపు ఒత్తి పట్టాలి. ఎరుపు, ముదురు నీలం ముందు చూడాలి, కారేవి ఎక్కువగా అవే. ఈ పరీక్ష మీరు కూడా ఇంట్లో మామూలు నీళ్లతో చేసి చూడొచ్చు. గుడ్డకి లేత గులాబీ అంటినా సరే, ఆ విషయం ముందే చెప్పండి.

మూడోది పసుపు మరక గురించి. ఇంట్లో అలాంటి మరక లేకపోయినా అడగండి, ఎందుకంటే దీన్ని మించిన పరీక్ష లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనింట్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఘాటైన సబ్బు కూడా సున్నంలాగే క్షారం. కార్పెట్ మీద పడ్డ పప్పుచారు మరకకి అది తగిలిందంటే పసుపుపచ్చ కాస్తా ఇటుక ఎరుపు అయి కూర్చుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు "ముందు చల్లటి నీళ్లతో అద్దుతాం, సబ్బు ఘాటైంది వేయం, చాలావరకు తగ్గుతుంది, మిగతాది వెలుతురుకి మెల్లగా వెలిసిపోతుంది" అంటారు. పసుపు రంగు ఎండకి నిలవదన్నది నిజమే. "నూటికి నూరు శాతం తీసేస్తాం" అని చూడకుండానే హామీ ఇచ్చేవాళ్లని నమ్మకండి. పసుపు, సిరా, తుప్పు, హెయిర్ డై, వీటికి ముందే హామీ ఎవరూ ఇవ్వలేరు.

నాలుగోది: "ఆరడానికి ఎంతసేపు పడుతుంది?" ఇంట్లో చేసే పనికి ఆరు నుంచి పన్నెండు గంటలు న్యాయమైన జవాబు. ఒక రోజు దాటిందంటే నీళ్లు ఎక్కువ పోసి తక్కువ పీల్చారన్నమాట. రెండు రోజులు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది. నూలు పడుగు, జనపనార వెనకభాగం ఉన్నవైతే కుచ్చులు, అంచులు టీ రంగుకి తిరుగుతాయి. "గంటలో ఆరిపోతుంది" అనేవాళ్లు పైపైన తుడిచి వెళ్లిపోయే రకం.

పాడైతే ఏం చేస్తారని కూడా అడగండి. జవాబు ఏదైనా సరే, దాన్ని వాట్సాప్‌లో రాసి పంపమనండి. మాటల్లో ధారాళంగా ఒప్పుకుని రాయమంటే నసిగేవాళ్లు ఈ ఒక్కచోటే బయటపడిపోతారు.

రేటు, కొలత

చదరపు అడుగు లెక్క అడగండి, "ఒక్కో కార్పెట్‌కి ఇంత" అనే లెక్క వద్దు. ప్రకటనలో కనిపించే అతి తక్కువ రేటు గుమ్మంలోకి వచ్చేదాకానే. తర్వాత మరకలకి వేరు, వాసన పోగొట్టడానికి వేరు, ఫర్నిచర్ జరపడానికి వేరు అని కలుపుతూ పోతారు. దుమ్ము తీయడం, మరకలు, జాడింపు, రవాణా అన్నీ కలిపి మొత్తం ఎంతో ముందే తేల్చుకోవాలి.

కొలత మీరే తీయండి. షాపుల్లో ఎక్కువగా దొరికే 160 సెంటీమీటర్లు బై 230 సెంటీమీటర్ల సైజు తీసుకుంటే, అది దాదాపు 39.6 చదరపు అడుగులు. దాన్ని "ఆరు బై ఎనిమిది" అని రెండువైపులా పైకి సర్దితే 48 అవుతుంది. నోటి లెక్కలోనే ఐదో వంతు అదనంగా కడతారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు గుణించి 929తో భాగిస్తే చదరపు అడుగులు వస్తాయి.

కాగితాల విషయం క్లుప్తంగా. బిల్లులో జీఎస్టీ వేస్తే 15 అక్షరాల నంబర్ ఉండాలి, తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే పేరు, చిరునామా వస్తాయి. సేవలు అందించేవాళ్ల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి నంబర్ లేనంత మాత్రాన మోసగాళ్లు కారు. నంబర్ లేకుండా పన్ను వసూలు చేస్తేనే తప్పు. ఆన్‌లైన్ రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి రెండు, మూడు స్టార్లవి చదవండి. అక్కడ ఆరలేదు, మరక తిరిగొచ్చింది లాంటి అసలు సంగతులు ఉంటాయి. ఫిర్యాదు చేసినవాళ్లకి కంపెనీ ఏమని బదులిచ్చిందో చూస్తే వాళ్ల స్వభావం అర్థమవుతుంది.

ఇంటికొచ్చినప్పుడు

పని మొదలుకాకముందే నాలుగు మూలలు, ఉన్న మరకలు, పురుగు కొట్టేసిన చోట్లు ఫొటోలు తీసి పెట్టుకోండి. వాళ్ల ముందే తీయండి, మొహమాటం అక్కర్లేదు.

తర్వాత ద్రావణం చూడాలి. డబ్బా మీద లేబుల్ ఉండాలి. పేరు లేని నీళ్ల సీసాలో తెచ్చిన రంగు నీళ్లని కార్పెట్ దాకా రానివ్వకండి. ఉన్నికి వాడేదాని పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8 దాటకూడదు. బట్టలుతికే పొడి కలిపిన నీళ్లు 10 దగ్గర ఉంటాయి. పీహెచ్ స్ట్రిప్ లేకపోతే వంటింటి పసుపు చాలు. తెల్ల టిష్యూ కాగితం మీద చిటికెడు పసుపు తడిపి రాసి, ఒకచోట మీ కుళాయి నీళ్ల చుక్క, పక్కన వాళ్లు కలిపిన ద్రావణం చుక్క వేయండి. ముందుగా నీళ్ల చుక్క ఎందుకంటే, మీ బోరు నీళ్లే క్షారమైతే తెలియాలి. నీళ్ల చుక్క పచ్చగానే ఉండి ద్రావణం చుక్క ఎర్రబడితే అది ఉన్నికీ పట్టుకీ పనికిరాదు. సింథటిక్ కార్పెట్‌కి ఎర్రబడినా భయం లేదు, చివర్లో మంచినీళ్లతో జాడిస్తే సరిపోతుంది. బ్లీచ్ వాసన వస్తే మాత్రం అక్కడే ఆపేయండి. క్లోరిన్ బ్లీచ్‌లో ఉన్ని అక్షరాలా కరిగిపోతుంది.

బోరు నీళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. కఠినత్వం ఎక్కువున్న నీళ్లలో సబ్బు విరిగిపోయి తెట్టు కడుతుంది, ఆరాక ముదురు రంగుల మీద తెల్లటి పొడిలా తేలుతుంది. అపార్ట్‌మెంట్‌లో మున్సిపల్ నీళ్ల కుళాయి విడిగా ఉంటే చివరి జాడింపుకైనా అవే ఇవ్వండి.

వాక్యూమ్ ట్యాంకులో నీళ్లు ఒకసారి చూడండి. మొదటి ట్యాంకు నల్లగా ఉండటం మామూలే, చాలామంది దాన్నే గొప్పగా చూపిస్తారు. మీరు చూడాల్సింది ఆఖరిది. అది తేటపడకుండా సర్దేస్తుంటే ఇంకోసారి మంచినీళ్లు కొట్టి పీల్చమనండి. సోఫా కాళ్లు తిరిగి పెట్టేటప్పుడు కింద అల్యూమినియం రేకు ముక్కలో ప్లాస్టిక్ ముక్కలో వేయించండి. తడి మీద ఇనప మేకు ఆనితే తుప్పు మరక, పాలిష్ చెక్క ఆనితే ఎర్ర మరక ఖాయం.

వర్క్‌షాప్‌కి పంపేటప్పుడు

రశీదులో కొలత, రకం, ప్రధాన రంగులు, ఉన్న లోపాలు, తిరిగిచ్చే తేదీ రాయించాలి. ఖరీదైన కార్పెట్ అయితే మారిపోకుండా గుర్తు పెట్టుకోండి. వెనకవైపు ఒక అంగుళంలో ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, స్కేలు పెట్టి ఆ చోటు ఫొటో తీయండి. ఒక మూల వెనకాల మీ దారంతో రెండు కుట్లు వేసినా సరిపోతుంది. కుదిరితే వర్క్‌షాప్ ఒకసారి చూసి రండి. నేల నున్నగా, నీళ్లు పోయే వాలుతో ఉందా, తడి కార్పెట్లు గాలిలో వేలాడుతున్నాయా, ఒకదానిమీద ఒకటి కుప్పగా ఉన్నాయా చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. నడిఎండలో పరిచేసి ఉంటే రంగుల మీద ఆశ వదులుకోవాలి. చూడ్డానికి రానివ్వకపోతే ఇవ్వకండి.

ఎప్పుడు చేయించాలన్నది కూడా ముఖ్యమే. హైదరాబాద్ వైపు జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఫ్లాటులో తడి క్లీనింగ్ పెట్టుకోకపోవడం మేలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఆరుతుంది. నెల్లూరు, ఒంగోలు లాంటి కోస్తా ఊళ్లలో నవంబర్ అంటే తుఫాన్ల కాలం కాబట్టి సంక్రాంతి దాటాక పెట్టుకోండి.

అమెరికాలో ఉండే మనవాళ్లకి సమస్య కొంచెం వేరు. అక్కడ అద్దె ఇళ్లలో గది నిండా పరిచిన కార్పెట్. ఖాళీ చేసేటప్పుడు చాలామంది యజమానులు క్లీనింగ్ రశీదు అడుగుతారు, కాబట్టి చిరునామా, తేదీ, ఏ పద్ధతిలో చేశారో ఉన్న బిల్లు తీసుకోండి. క్లీనింగ్ పనివాళ్లకి ధ్రువీకరణ ఇచ్చే ఐఐసీఆర్‌సీ అనే సంస్థ ఉంది, దాని ధ్రువీకరణ ఉన్న కంపెనీలని ఐఐసీఆర్‌సీ వెబ్‌సైట్‌లోనే వెతకొచ్చు. "ఇల్లంతా ఇంతకే" అనే కూపన్ల తీరు ఇక్కడి ప్రకటనల తీరే.

పని అయ్యాక

డబ్బులు మొత్తం ముందే ఇవ్వకండి. వర్క్‌షాప్ పని అయితే కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతాది కార్పెట్ ఇంట్లో పరిచి చూశాక ఇవ్వాలి. తెల్ల గుడ్డ తడిపి ఒకేచోట పదిసార్లు రుద్దండి. రంగు అంటకూడదు, చేతికి జిగట తగలకూడదు. కొంచెం నీళ్లు చిలకరించి వేలితో కలియబెడితే నురుగు వస్తే సబ్బు మిగిలిందన్నమాట, మళ్లీ జాడించమనొచ్చు. తడి ఉన్ని కాస్త గొర్రె వాసన వేయడం సహజం, ఆరాక పోతుంది. పూర్తిగా ఆరినట్టున్నా ముక్కిన వాసన వస్తుంటే వెనక్కి తిప్పి పడుగు మీద అరచేయి ఆన్చండి. చల్లగా తగిలితే అడుగు ఇంకా తడే. ఫ్యాన్ కింద, గాలి రెండువైపులా ఆడేలా రెండు కుర్చీల మీద వేయండి.

మరక రెండు మూడు రోజుల్లో తిరిగొస్తే పిలవండి. నిజాయితీ ఉన్నవాళ్లు ఆ ఒక్క చోటికి మళ్లీ డబ్బులు అడగరు. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. అప్పుడు ముందు తీసిన ఫొటోలు, వాట్సాప్ మాటలు, బిల్లు పనికొస్తాయి.

ఒక్కదానికి మాత్రం రెండు రోజులు ఆగడానికి లేదు. ఎరుపు పక్కనున్న తెలుపులోకి కారడం కళ్ల ముందు కనిపిస్తే, వాళ్లు సామాను సర్దకముందే ఆపి, ఆ చోట పొడి గుడ్డలు ఒత్తించి, చల్లటి నీళ్లు కొట్టి పీల్పిస్తూనే ఉండాలి. కారిన రంగు తడిగా ఉన్నంతసేపే వెనక్కి వస్తుంది.